ఒక్క తీగ మిగుల్చుకోవడానికి స్టీరియోను బలిపెట్టకండి

వైర్‌లెస్ అన్నదానికి మన భాషాభిమానులు కల్పించిన మాట నిస్తంత్రి. చక్కని మాటే. అయితే ఇంట్లో స్పీకర్లు తయారుచేసుకునే మన ఔత్సాహికులు దానిని అక్షరాలా నమ్మి, తీగ కంటబడితే అపచారం జరిగినట్లు కంగారుపడుతున్నారు. రెండు పెట్టెలు, దేనిలో దానికి ఒక బ్లూటూత్ బోర్డు, ఒక ఆంప్లిఫయరు. నడుమ తీగ లేదు కనుక ఇది ఆధునికమట! ఈ పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

ముందు తీగలే లెక్కపెడదాం. రెండు పెట్టెలూ వేరువేరుగా పనిచేయాలంటే రెంటికీ కరెంటు కావాలి, అంటే గోడకు రెండు తీగలు. నేను చెప్పబోయే పద్ధతిలో గోడకు ఒకటి, పెట్టెల నడుమ ఒకటి. అక్కడా రెండే, ఇక్కడా రెండే. (బ్యాటరీలు పెడతామంటారా? ఛార్జింగు పెట్టవలసినవి రెండవుతాయి, ఏదో ఒకనాడు పాట మధ్యలో వాటిలో ఒకటి ముందుగా కన్నుమూస్తుంది.)

పోగొట్టుకునేది మాత్రం చిన్నది కాదు. 1931లో అలన్ బ్లమ్లైన్ పేటెంటుకు దరఖాస్తు చేసిన స్టీరియో మన చెవుల సూక్ష్మత మీద ఆధారపడిన విద్య. పక్కనుండి వచ్చే శబ్దం ఒక చెవిని తాకిన తరువాత రెండవ చెవిని చేరడానికి పట్టే కాలం మహా అయితే 0.7 మిల్లీసెకన్లు. ఆ కాస్త తేడాతోనే శబ్దం ఎటునుండి వచ్చిందో పోల్చుకుంటాము. ఇక రెండు బోర్డులూ ఎవరి క్రిస్టల్ గడియారంతో వారు నడుస్తున్నారనుకోండి. పది లక్షల్లో 20 వంతుల దోషం మామూలు క్రిస్టల్‌కు ఉండేదే. ఒకటి ముందుకూ మరొకటి వెనక్కూ పోతే, సరిదిద్దే ఏర్పాటు లేనప్పుడు, నిమిషానికి 2.4 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది.

ఘంటసాల పాత పాట ఒకటి పెట్టి చూడండి. ఆ రికార్డింగులు చాలావరకు మోనో. రెండు పెట్టెలూ ఒకే క్షణంలో పలికితే ఆ గొంతు సరిగ్గా నడుమ, ఏ పెట్టే లేని చోట, నిలబడి పాడుతుంది. ఎడం పెరిగేకొద్దీ పక్కకు జరుగుతూ పోయి, ముందుగా పలికే పెట్టెలో చేరి కూర్చుంటుంది.

జంట బోర్డులు తమ గడియారాలను తామే సరిదిద్దుకుంటాయి కదా అంటారు. నిజమే. ఎంత సూక్ష్మంగా సరిదిద్దుకుంటాయో ఆ చవక బోర్డుతో వచ్చే కాగితంలో వెతికి చూడండి. ఆ ప్రోగ్రాము చిప్పు లోపల తాళం వేసుకుని ఉంటుంది. మనం ముట్టుకోలేని దానిని సొంత డిజైను అని ఎలా అంటాము? పైగా జంటలో ఒకటి చెడిపోయి, అదే నమూనా బజారులో దొరకకపోతే, బాగున్న రెండవదీ మూలన పడవలసిందే.

గడియారం ఒక్కటే ఉండాలని నా వాదన. ఒక్క రిసీవరు, దాని వెనుక ఒక్క డీఎస్‌పీ. ఏడీఏయూ 1701 అనే చిప్పుకు లోపలికి రెండు చానళ్ళు, బయటకు నాలుగు. రెండు వూఫర్లకూ రెండు ట్వీటర్లకూ కొలిచినట్లు సరిపోతుంది. 1976 నాటి లింక్‌విట్జ్-రైలీ క్రాసోవరును, ఆక్టేవుకు 24 డెసిబెల్స్ చొప్పున, అందులోనే రాసుకోవచ్చు. దాని తరువాత ఒక్కో డ్రైవరుకు ఒక్కో ఆంప్లిఫయరు. యాక్టివ్ అంటే అసలు అర్థం అదీ! పెట్టెలోకి ఆంప్లిఫయరును తోసి, దాని వెనుక కాయిలూ కెపాసిటరూ తగిలించి యాక్టివ్ అని పేరు పెట్టుకునేవారితో నాకు వేరే పేచీ ఉంది, అది మరోసారి.

నాలుగు ఆంప్లిఫయర్లూ ఎడమ పెట్టెలోనే ఉంటాయి. వాటికి విడిగా ఒక అర కట్టాలి, వూఫరు వెనుక మిగిలే గాలి పరిమాణం రెండు పెట్టెల్లోనూ సమానంగా ఉండాలి. లేకపోతే థీల్, స్మాల్ సూత్రాలతో వేసుకున్న లెక్కంతా ఒక పెట్టెకే వర్తిస్తుంది. రిసీవరును మాత్రం టంకం వేసి బిగించకండి, ఊడదీసే కనెక్టరుతో పెట్టండి. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో వంటివి వస్తూనే ఉంటాయి. మారవలసింది ఆ చిన్న బోర్డు ఒక్కటే, చెక్కపెట్టె ఎందుకు మారాలి?

కుడి పెట్టెకు నాలుగు పోగుల తీగ వేయండి, 1.5 చదరపు మిల్లీమీటర్లది. ఐదు మీటర్ల దూరానికి రానుపోను నిరోధం సుమారు 0.12 ఓములు. ఎనిమిది ఓముల డ్రైవరుకు అది లెక్కలోనిది కాదు. పోగు మిగులుతుందని వూఫరు, ట్వీటరు నెగెటివులను ఒకే పోగుకు కలపకండి. ఈ క్లాస్-డి చిప్పుల్లో చాలావాటికి నెగెటివ్ కొస కూడా సిగ్నలు పలికేదే. కలిపితే చిప్పు కాలిపోవచ్చు.