బొమ్మకున్న చట్టం రబ్బరుకు లేదు

బదిలీ మీద కొత్త ఊరు చేరాక అట్టపెట్టెలు విప్పడం మీ అందరికీ తెలిసిన పనే. ఈసారి మా ఇంట్లో విప్పుతుంటే రెండు వస్తువులు మమ్మల్ని ఆపేశాయి. మొదటిది పిల్లల టీసీలు, మార్కుల కాగితాలు దాచుకునే మెత్తటి ప్లాస్టిక్ ఫైలు. అందులోంచి ఒక జిరాక్సు కాగితం లాగితే రాలేదు. గట్టిగా లాగితే కాగితం వచ్చింది గాని, దాని మీది అక్షరాలు కొన్ని ఫైలుకే అంటుకుపోయాయి, అద్దంలో చూసినట్టు తిరగబడి. రెండోది జామెట్రీ బాక్సు. అందులో తెల్ల రబ్బరు, ప్లాస్టిక్ స్కేలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. విడదీశాక చూస్తే స్కేలు మీద ఏడో సెంటీమీటరు నుంచి పదో సెంటీమీటరు దాకా గుంట పడింది. అక్కడి అంకెలు లేవు.

"ఎండకు కరిగిపోయి ఉంటుంది" అన్నారు ఇంట్లో. సామాన్ల లారీ రాజస్థాన్ మీదుగా వచ్చింది కాబట్టి మేమూ అలాగే అనుకున్నాం. కాని ఎండకు కరిగితే స్కేలంతా వంకర పోవాలి కదా? రబ్బరు ఆనిన చోట మాత్రమే ఎందుకు కరిగింది?

స్టాఫ్ రూములో అడిగితే కెమిస్ట్రీ మాస్టారు నవ్వారు. తెలుగు చెప్పేవాళ్లకు ఈ గొడవ ఎందుకన్నట్టు నవ్వి, ఆ తర్వాత ఓపికగా విప్పి చెప్పింది కూడా ఆయనే.

మనం దాన్ని రబ్బరు అంటున్నాం గాని, పొడి రాలదని చెప్పి అమ్మే తెల్ల రబ్బర్లలో చాలావాటికి రబ్బరు చెట్టుతో చుట్టరికమే లేదు. అవి పీవీసీ ప్లాస్టిక్. పీవీసీ స్వతహాగా మెత్తనిది కాదు. ఇంటి గోడల వెంట పోయే నీళ్ల పైపులు చూడండి, అదీ దాని అసలు గుణం. దాన్నే చేతిలో వంగే రబ్బరుగా, మడత పడే రెయిన్‌కోటుగా, ఫైలు కవరుగా మార్చాలంటే నూనెలాంటి ఒక ద్రవం కలపాలి. ఆ ద్రవం పేరు ప్లాస్టిసైజర్. వస్తువు బరువులో మూడో వంతు దాకా కూడా అదే ఉండవచ్చు. ఈ పనికి ప్రపంచమంతా ఎక్కువగా వాడుతూ వచ్చినవి థాలేట్లు అనే రసాయనాలు. డీఈహెచ్‌పీ, డీబీపీ, బీబీపీ అని పొడి అక్షరాల పేర్లు వాటికి.

చిక్కంతా ఒక్క చోట ఉంది. ఈ ద్రవం పీవీసీతో రసాయనికంగా ముడిపడదు. ప్లాస్టిక్ గొలుసుల మధ్య దూరి కూర్చుంటుంది, అంతే. దారి దొరికితే బయటికి వస్తుంది. తొలినాళ్ల ప్లాస్టిసైజర్లలో ఒకటి మన పూజగదిలోనే ఉంది. 19వ శతాబ్దంలో సెల్యులాయిడ్ అనే ప్లాస్టిక్‌ను మలచడానికి కర్పూరం కలిపేవారు. మూత పెట్టని కర్పూరం డబ్బా కొన్నాళ్లకు ఏమవుతుందో మీకు తెలుసు. థాలేట్లు అంత తొందరగా ఎగిరిపోవు. కాని వేడి తగిలినా, నూనె తగిలినా, నోట్లో పెట్టుకుని నమిలినా కొద్దికొద్దిగా జారిపోతాయి. మా రబ్బరులోంచి జారినది స్కేలులోకి ఇంకి దాన్ని మెత్తబరిచింది. ఫైలులోంచి జారినది జిరాక్సు సిరాను మెత్తబరిచి తనకు అంటించుకుంది. కొత్త రబ్బరుకు కాగితపు తొడుగు అందం కోసం వేస్తారనుకునేవాళ్లం. పక్కనున్న ప్లాస్టిక్‌ను అది తాకకుండా కాపాడడం కూడా ఆ తొడుగు పనే.

స్కేలు పోతే పది రూపాయలకు ఇంకోటి వస్తుంది. మనం అడగవలసింది, స్కేలులోకి వెళ్లినది నోట్లోకి వెళ్తే ఏమిటని.

ఇక్కడ భయపెట్టే మాటలు మేం చెప్పం. ఒక రబ్బరు కొరికినంత మాత్రాన ఎవరికీ జబ్బు రాదు. థాలేట్లు సీసంలా ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుపోయేవి కావు. లోపలికి వెళ్లినవి ఒకటి రెండు రోజుల్లో చాలావరకు మూత్రంలో పోతాయి. అయితే పోయినంత మేరా మర్నాడు మళ్లీ వస్తున్నాయి. అమెరికాలో ప్రజల మూత్ర నమూనాలు పరీక్షిస్తే దాదాపు అందరిలోనూ వీటి జాడలు కనిపించాయి. కొన్ని థాలేట్లు హార్మోన్ల పనికి అడ్డుపడతాయని, ముఖ్యంగా గర్భంలో ఉన్న మగపిల్లల ఎదుగుదలను దెబ్బతీస్తాయని జంతువుల మీద చేసిన పరీక్షల్లో తేలింది. అందుకే యూరప్‌లో డీఈహెచ్‌పీ, డీబీపీ, బీబీపీ, డీఐబీపీ అనే నాలుగింటిని సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో పెట్టారు. ఒక వస్తువులోంచి వచ్చేది కొంచెమే. కాని రబ్బరు, పౌచు, చెప్పులు, రెయిన్‌కోటు, గచ్చు మీద పరిచిన వినైల్ షీటు, వేడి కూర పోసిన ప్లాస్టిక్ కవరు, వీటన్నిటినీ ఒకే పిల్లవాడు ఒకే రోజున తాకుతాడు. లెక్క వేయవలసింది ఒక్కో వస్తువుకు కాదు, ఆ పిల్లవాడికి.

చట్టాలు మొదట ఈ లెక్క వేయలేదు. యూరప్‌లో 1999 డిసెంబరులో తొలి నిషేధం వచ్చినప్పుడు అది మూడేళ్ల లోపు పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకే పరిమితం. 2005లో దాన్ని అన్ని బొమ్మలకూ పసిపిల్లల సామగ్రికీ విస్తరించి, ముఖ్యమైన మూడు థాలేట్లు బరువులో 0.1 శాతం మించకూడదన్నారు. 2007లో డెన్మార్క్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ బడి సంచులు, పౌచులు, రబ్బర్లు పరీక్షించినప్పుడు కొన్ని రబ్బర్లలో థాలేట్లు బయటపడ్డాయి. చివరికి 2020 జూలై నుంచి యూరప్ ఆ 0.1 శాతం గీతను ఇంట్లో వాడే, ఒంటికి తగిలే చాలా వస్తువులకు గీసింది. అంటే బొమ్మ దగ్గర మొదలైన గీత పిల్లవాడి రోజంతా చుట్టి రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

అమెరికా కథలో మాకు నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ 2008 చట్టం బొమ్మల్లో ఆరు థాలేట్లను ఆపింది. మూడింటిని శాశ్వతంగా, మూడింటిని నిపుణులు తేల్చేదాకా. 2017లో తుది నిర్ణయం తీసుకున్నప్పుడు ఆ తాత్కాలికమైన మూడింటిలో ఒకదాన్ని ఉంచారు, రెండింటిని జాబితాలోంచి తీసేశారు, కొత్తగా మరికొన్ని చేర్చి మొత్తం ఎనిమిది చేశారు. రుజువు ఉన్నదాన్ని చేర్చడం, లేనిదాన్ని తీసేయడం, రెండూ చేశారు. నిబంధన బిగించడమంటే భయపడి అన్నిటినీ తోసెయ్యడం కాదు.

ఇక మన దేశం. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2010లో 24 బొమ్మల పరీక్షా ఫలితాలు బయటపెట్టింది. ఇరవై నాలుగింటిలోనూ థాలేట్లున్నాయి. ఆ తర్వాత పదేళ్లకు, 2020లో, కేంద్ర ప్రభుత్వం బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని బొమ్మ అమ్మకూడదు. ఆ గుర్తు రావాలంటే పాటించవలసిన ఐఎస్ 9873 ప్రమాణంలో తొమ్మిదో భాగం పూర్తిగా థాలేట్ల గురించే. మన కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మల్లాంటి భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికీ, నమోదైన హస్తకళాకారుల పనికీ మినహాయింపు ఇచ్చారు. కర్రను చెక్కి చేసే బొమ్మకు పీవీసీ లెక్కలు ఎందుకు? అది న్యాయమే. మొత్తం మీద ఇది మంచి ఉత్తర్వు.

అయితే ఆ ఉత్తర్వు ప్రకారం బొమ్మ అంటే 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకోవడం కోసం తయారైన వస్తువు. మాటకు అర్థం వెతకడం మా సబ్జెక్టే కాబట్టి ఇక్కడ మేం కొంచెం ఆగుతాం. ఒక రోజు ఆరో తరగతిలో అందరి రబ్బర్లూ బల్ల మీద పెట్టించాం. స్ట్రాబెరీ పండు రూపంలో ఒకటి, దగ్గరికి తెస్తే ఆ వాసనే. ఐస్‌క్రీము పుల్లలా ఇంకొకటి. కారు, దానికి ఊడదీసి తగిలించుకునే చక్రాలు. డోనట్. మామూలు తెల్ల దిమ్మలు కూడా ఉన్నాయి. చాలావాటి మీద పళ్ల గాట్లు. ఒక పిల్లవాడి రబ్బరుకు మూలే లేదు. ఏమైందని అడిగితే "లెక్కలు చేస్తుంటే అయిపోయింది మేడమ్" అన్నాడు.

చూడడానికి బొమ్మ, వాసనకు తిండి, అమ్మకానికి స్టేషనరీ! కారు బొమ్మ కొంటే దానికి ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. కారు ఆకారంలో రబ్బరు కొంటే అది రాసుకునే సామాను. కారు బొమ్మను నమిలే వయసు ఏడాదికో రెండేళ్లకో దాటిపోతుంది. రబ్బరును నమిలే వయసు హైస్కూలు దాకా సాగుతుంది, ఇందుకు పరీక్ష హాలులో కాపలా కాసే మేమే సాక్షులం. మరి గీత ఎక్కడ గీయాలి? వస్తువు పేరు మీదా, దాన్ని పట్టుకున్న పిల్లవాడి మీదా?

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. 14 ఏళ్ల లోపు పిల్లల కోసమని అమ్మే ప్రతి మెత్తటి ప్లాస్టిక్ వస్తువుకూ, అది రబ్బరైనా, పౌచైనా, పుస్తకాల అట్టైనా, రెయిన్‌కోటైనా, బొమ్మకున్న 0.1 శాతం గీతే ఉండాలి. కొత్త శాస్త్రం ఏదీ కనిపెట్టనక్కర్లేదు. ప్రమాణం రాసి ఉంది, పరీక్షించే పద్ధతి ఉంది. పరిధిలో కొన్ని మాటలు చేర్చాలి.

దీనికి ఎదురు చెప్పేవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. ఐదు రూపాయల రబ్బరు చేసే చిన్న కార్ఖానాకు ప్రయోగశాల పరీక్ష బరువే. అందుకే పరీక్ష భారం రబ్బరు అచ్చు పోసేవాడి మీద కన్నా, వాడికి ముడి పీవీసీ మిశ్రమం అమ్మే పెద్ద సరఫరాదారు మీద పెడితే మేలు. గడువు ఇవ్వాలి, ప్రభుత్వ ప్రయోగశాలల్లో రుసుము తగ్గించాలి. థాలేట్లకు బదులుగా వాడే ప్లాస్టిసైజర్లు ఇప్పటికే బజారులో ఉన్నాయి. సోయా నూనె నుంచి చేసేవి కూడా ఉన్నాయి. యూరప్‌కు సరుకు పంపాలంటే ఎవరైనా అక్కడి గీత పాటించక తప్పదు. ఓడ ఎక్కే పెట్టెకు సాధ్యమైనది ఊళ్లో బడి ముందున్న దుకాణానికి ఎందుకు సాధ్యం కాదు?

అన్ని చోట్లా ఒకే గీత కూడా మేం అడగడం లేదు. ఆసుపత్రిలో రక్తం నిలవచేసే సంచి మెత్తటి పీవీసీయే. అందులో డీఈహెచ్‌పీ ఉంటుంది. విచిత్రమేమిటంటే, అది రక్తంలోకి కొద్దిగా దిగి ఎర్రకణాలు చితికిపోకుండా కాపాడుతుంది కూడా. ప్రత్యామ్నాయం బాగా కుదిరేదాకా అక్కడ తొందరపడకూడదు. ప్రాణం నిలిపే సంచికి ఇచ్చే వెసులుబాటు స్ట్రాబెరీ వాసన రబ్బరుకు అక్కర్లేదు.

కొనేవాళ్లు చూసుకోవాలి అనే మాట మాకు చిరాకు తెప్పిస్తుంది. ఏం చూసుకోవాలి? నీళ్ల సీసా మీద "బీపీఏ ఫ్రీ" అని ఉంటుంది. బీపీఏ వేరే రసాయనం, థాలేట్ల సంగతి ఆ చీటీ చెప్పదు. సీసా అడుగున త్రికోణంలో 3 ఉంటే పీవీసీ, 5 ఉంటే పాలీప్రొపిలీన్. ఇది తెలిస్తే సీసాకు, డబ్బాకు పనికొస్తుంది. రబ్బరు అడుగున చాలాసార్లు ఏ త్రికోణమూ ఉండదు. రెండు మూడేళ్లకోసారి ఊరు మారే మనకు ఇంకో ఇబ్బంది. ఒక ఊళ్లో నమ్మకమైన దుకాణం దొరికేసరికి బదిలీ ఆర్డరు వస్తుంది. గువాహటిలో అయినా గుంతకల్లులో అయినా ఒకేలా పనిచేసేది దేశమంతటికీ ఒకటైన గుర్తు మాత్రమే.

భారతీయ ప్రమాణాల సంస్థ ఏ ప్రమాణం మార్చాలన్నా ముసాయిదాను ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. ఉత్తరం ఎవరైనా రాయవచ్చు, విద్యార్థులు కూడా. మన స్టాండర్డ్స్ క్లబ్ పిల్లలు ఈ ఏడాది రబ్బరు గురించి ఒక ఉత్తరం సిద్ధం చేస్తున్నారు. దానికి జతచేయడానికి రబ్బరు పొట్లాల మీది రాతలు కావాలి. మీ దగ్గరున్న పొట్లం మీద ఏ పదార్థంతో చేశారో రాసి ఉందా, ఏ వయసువాళ్లకో ఉందా, ఏదైనా గుర్తు ఉందా చూడండి. ఏమీ లేకపోతే ఆ ఖాళీ పొట్లమే తెచ్చి లైబ్రరీలో తెలుగు విభాగం పెట్టెలో వేయండి. గుంట పడిన మా స్కేలు ఇప్పటికే అందులో ఉంది.