యాడితో గట్టిగా మాట్లాడుకోలేని గది మనకు సేఫ్ కాదు

పోస్టు కొంచెం పెద్దదే. పీజీకి వెళ్ళబోయే మన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు చివరిదాకా చదవండి.

మాది జగ్గయ్యపేట వైపు తండా. నందిగామలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పీజీసెట్ రాసి నాగార్జున యూనివర్సిటీలో చేరాలని ఆశ. క్యాంపస్ హాస్టల్ దొరక్కపోతే ఎక్కడుండాలో ముందే చూసుకుందామని మొన్న సెలవుల్లో ఒక సీనియర్ అక్కతో కలిసి విజయవాడలో, యూనివర్సిటీ దగ్గరి ఊళ్ళలో గదులు చూశాను. ఎవర్ని అడిగినా ఒకటే మాట: "మంచి ఏరియాలో చూసుకో అమ్మా."

ఒక ఇల్లు నిజంగానే నచ్చింది. సందు చివరిదాకా లైట్లు, గేటుకు తాళం, సీసీ కెమెరా. ఓనరమ్మ అద్దె చెప్పకముందే "మీరేమిటోళ్ళమ్మా?" అని అడిగింది. ఇలా అడుగుతారని అక్క ముందే చెప్పింది. నేను అబద్ధం చెప్పాను. అడ్వాన్సు మాట్లాడుతుండగా యాడి ఫోన్ చేసింది. అలవాటు కొద్దీ మన భాషలోనే మాట్లాడాను. ఫోన్ పెట్టేసరికి ఆమె ముఖం మారిపోయింది. "మా చుట్టాల పిల్ల వస్తానంది, మళ్ళీ చెప్తాంలే" అంది. ఆ మళ్ళీ ఇంతవరకూ రాలేదు.

ఆ రోజు నాకు కోపం కన్నా సిగ్గు ఎక్కువేసింది. ఆ గది దొరికి ఉంటే రెండేళ్ళు యాడితో గుసగుసగా మాట్లాడేదాన్ని. మిరప కోతల్లో కూలికెళ్ళి ఫీజు కట్టిన మనిషితో గుసగుసలా! బా చూడ్డానికొస్తే బస్టాప్‌లోనే కలిసి పంపించేసేదాన్ని. గేటుకు తాళం ఉంటే దొంగ రాడేమో. దొరికిపోతానేమో అన్న భయం మాత్రం నాతోపాటు లోపలే ఉండేది.

ఇంకో మాట. "అటు పోకండి, అక్కడ అలాంటివాళ్ళుంటారు" అని కొన్ని బస్తీల గురించి చెప్పారు. అలాంటివాళ్ళంటే ఎవరా అని వెళ్ళి చూస్తే ఇళ్ళల్లో పనికెళ్ళే అమ్మలు, తాపీ పని చేసేవాళ్ళు, ఆటో అన్నలు. అంటే మన ఇళ్ళల్లోవాళ్ళే. బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎన్నో సంచార జాతులకు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసింది. స్టూవర్టుపురం ఎరుకల సోదరులకు ఆ బాధ మనకన్నా బాగా తెలుసు. 1952లో చట్టం పోయింది. ఆ చూపు మాత్రం టూలెట్ బోర్డు వెనకాల ఇంకా ఉంది.

అలాగని బస్తీలన్నీ సేఫ్ అని నేననను. తక్కువ అద్దె చూసి పరిగెత్తొద్దు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగితే విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. మాకు తెలిసిన ఒకక్క గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది. ప్రాణం దక్కింది గానీ టెన్త్ మెమో, కులం సర్టిఫికెట్ నానిపోయాయి. ఆ వానలకే మన దగ్గర మున్నేరు ఐతవరం దగ్గర హైవే ఎక్కింది. అంతకుముందు 2023 జూలైలోనూ అంతే. అంటే అవసరానికి బస్సెక్కి ఇంటికి వచ్చేద్దామన్నా దారి ఉండదు. పక్కింటివాళ్ళు ఇంత అన్నం పెట్టే చోటు కావాలి.

అందుకే ఏరియా పేరు కాదు, ఈ నాలుగూ చూడమంటాను.

ఒకటి, గదిని పగలు చూసి సరిపెట్టుకోవద్దు. రాత్రి ఎనిమిదింటికి ఎవరినైనా తోడు తీసుకుని బస్టాప్ నుంచి గది దాకా నడిచి చూడండి. దారిలో తెరిచి ఉండే షాపు ఒక్కటైనా ఉందా?

రెండు, ఆఖరి బస్సు ఎన్నింటికి? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమే. రాని బస్సు ఉచితమైతే ఏం లాభం?

మూడు, వానాకాలంలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఓనర్ని కాదు, ఎదురింటివాళ్ళని అడగండి. గోడ మీద నీటి గీత ఉందేమో చూడండి. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి అటక మీద ఉంచండి.

నాలుగోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. గది చూస్తున్నప్పుడే ఇంటికి ఫోన్ చేసి మన భాషలో గట్టిగా మాట్లాడండి. పంపించేసేవాళ్ళు అడ్వాన్సు కట్టకముందే పంపించేస్తారు, మన డబ్బు మిగులుతుంది.

"కులం దాస్తే ఏమైందే, చదువు ముఖ్యం కదా" అంటుంది సీనియర్ అక్క. ఆమెను తప్పు పట్టను. మూడు నెలల్లో రెండు గదులు మారిన మనిషి ఆమె. గత్యంతరం లేక దాచినవాళ్ళని ఎవరూ తిట్టొద్దు. కానీ జూనియర్లకు దాచడమే దారి అని మనమే నేర్పితే, ఆ ఓనరమ్మ పని మనం చేసినట్టే.

బా అయితే "మనవాళ్ళు ఉన్న దగ్గరే ఉండు" అంటాడు. మొదట్లో పాతకాలం మాట అనుకున్నా. ఇప్పుడు అర్థమవుతోంది. నగరంలో మనవాళ్ళు ఎక్కడున్నారో మనకే తెలీదు, అదీ సమస్య. కాబట్టి రెండు పనులు చేద్దాం. అడ్మిషన్ వచ్చిన రోజే క్యాంపస్ హాస్టల్‌కు అప్లై చేయండి. సీట్లు చాలకపోతే అందరం కలిసి అడుగుదాం, అది మన హక్కు. రెండోది, విజయవాడ, గుంటూరు, హైదరాబాద్‌లలో అద్దెకుంటున్న అన్నలు, అక్కలు మీ వీధి గురించి రాయండి. బస్సు ఎలా, నీళ్ళు ఎలా, కులం అడుగుతారా అన్నవి చెప్పండి చాలు. ఇంటి ఓనర్ల పేర్లు, మన ఆడపిల్లల అడ్రసులు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.

ఆ గుమ్మంలో చెప్పిన అబద్ధం గురించి యాడికి ఇంకా చెప్పలేదు. ఈ ఆదివారం ఇంటికెళ్ళి చెప్తాను.