నలభై దాటాక చేతిలో కెమెరా: చానెల్ ఎవరిది, జ్ఞాపకం ఎవరిది?

మన వాడల్లో ఈ మధ్య ఒక మార్పు కనిపిస్తోంది. నలభై ఐదేళ్ల అంగన్‌వాడీ టీచర్, యాభై దాటిన డప్పు కళాకారుడు, రిటైరైన బడిపంతులు యూట్యూబ్ చానెల్ మొదలుపెడుతున్నారు. ఇంట్లో పిల్లలు నవ్వుతున్నారు. "ఈ వయసులో నీకు వీడియోలెందుకమ్మా" అంటున్నారు. మనలో చాలామందిమి ఆ నవ్వులో పాలుపంచుకున్నవాళ్లమే. ఈ విషయాన్ని సరదాగా కాక రాజకీయంగా చూడాల్సిన అవసరం ఉందని మేము అనుకుంటున్నాం.

లెక్క చూద్దాం. కారంచేడు మారణకాండ 1985 జూలై 17న జరిగింది. చుండూరు 1991 ఆగస్టు 6న. ఆ రోజు పొలాల్లో పరుగెత్తిన పదిహేనేళ్ల పిల్ల ఇప్పుడు యాభై దరికి చేరింది. ఆమె కళ్లతో చూసింది ఏ పేపర్లోనూ పూర్తిగా అచ్చు కాలేదు. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారిస్తే, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. కోర్టు రికార్డులో ఓడిన సాక్ష్యం మనుషుల నోళ్లలో ఇంకా బతికే ఉంది. ఆ మనుషులు ఇంకెంతకాలం ఉంటారు? నడివయసు వాళ్ల చానెల్ గురించి మాట్లాడటమంటే ముందుగా ఈ ప్రశ్న గురించి మాట్లాడటమే.

ఇది కొత్తదేం కాదు

1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పెట్టింది, ఉన్న పత్రికల్లో మనకు చోటు లేదు కాబట్టే. నూరేళ్ల తర్వాత పరిస్థితి ఎంత మారింది? 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి చేసిన అధ్యయనంలో 121 న్యూస్‌రూమ్ నాయకత్వ స్థానాలు లెక్కిస్తే 106 అగ్రకులాల చేతిలో ఉన్నాయి. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. ఆ గదిలోకి మనల్ని రానివ్వలేదు కాబట్టి, మన ఇంటి అరుగే మనకు స్టూడియో అయింది.

అరుగు మీద స్టూడియో పెట్టడంలో తెలంగాణకు ఘనమైన చరిత్ర ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టారు. ఎక్కువమంది బడి ముఖం చూడనివాళ్లు. కూలి పని చేసిన చేతులతోనే కెమెరా నేర్చుకున్నారు. వరంగల్ జిల్లా రైతుల బిటి పత్తి నష్టాలను సీజన్ తర్వాత సీజన్ తిరిగి చిత్రీకరించారు. 2008 అక్టోబర్ 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది.

వాళ్లు పెట్టుకున్న షాట్ల పేర్లు ప్రతి జర్నలిజం విద్యార్థీ తెలుసుకోవాలి. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కిందినుంచి పైకి చూసేది బానిస షాట్. కళ్లకు కళ్లు సమానంగా ఉండేది సంఘం షాట్. తాము తీసేది సంఘం షాట్ కావాలన్నారు. కెమెరా ఎత్తులో కులం ఉంటుందని ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చెప్పకముందే వాళ్లు చెప్పారు. ఇవాళ చానెల్ మొదలుపెట్టే అక్కకు, అన్నకు మేము చెప్పగల మొదటి పాఠం ఇదే.

లెక్కలు ఎవరికి అనుకూలం

చానెల్ పెట్టడం ఉచితం. పెంచడం ఉచితం కాదు. ప్రకటనల ఆదాయం రావాలంటే యూట్యూబ్‌లో 1000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, గడిచిన 12 నెలల్లో 4000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. 4000 గంటలంటే 2,40,000 నిమిషాలు. చూసేవాళ్లు సగటున నాలుగు నిమిషాలు చూస్తారనుకుంటే 60,000 సార్లు చూడాలి. పొద్దంతా ఉపాధి హామీ పనికి పోయి, రాత్రి ఎడిటింగ్ చేసే మనిషికి ఇది ఏడాది పొడవునా రెండో కూలి. మొదటి కూలికైనా మస్టర్ ఉంటుంది. దీనికి అదీ లేదు.

ఆ గీత దాటాక కూడా సమానత్వం లేదు. పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం సృష్టికర్తకు, మిగతాది కంపెనీకి. హింస, వివాదాస్పద విషయాలున్న వీడియోలకు ప్రకటనలు పరిమితం చేసే నిబంధన ఉంది. కాబట్టి చేపల పులుసు వీడియోకు వచ్చే డబ్బు, గ్రామ బహిష్కరణ వీడియోకు రాకపోవచ్చు. రెండూ ఒకే ఇంటి జీవితాలే. మార్కెట్‌కు మన వంట కావాలి, మన గాయం వద్దు. అందుకే పోరాట వీడియోల మీద ఇల్లు గడుస్తుందన్న ఆశ పెట్టుకోవద్దని చెబుతున్నాం. వంట, పాట, వ్యవసాయం వీడియోలతో చానెల్‌ను నిలబెట్టుకుని, అదే చానెల్‌లో న్యాయం గురించి మాట్లాడటంలో తప్పేమీ లేదు.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. చానెల్ ఎవరి జీమెయిల్ మీద ఉంది? ముఖం అమ్మది, మాట అమ్మది, అకౌంట్ కొడుకుది, డబ్బు పడేది కొడుకు బ్యాంకులో. రేపు కొడుకు అలిగినా, పాస్‌వర్డ్ పోయినా అమ్మ జీవితం మొత్తం మాయమవుతుంది. పట్టా ఎవరి పేరున ఉందో చూసుకోవాలని అసైన్డ్ భూముల విషయంలో దెబ్బలు తిని నేర్చుకున్న జాతి మనది. ఇక్కడా అదే జాగ్రత్త కావాలి. అకౌంట్ అమ్మ పేరున ఉండాలి. పిల్లలకు పాస్‌వర్డ్ ఇవ్వకుండానే మేనేజర్‌గా, ఎడిటర్‌గా అనుమతి ఇచ్చే వీలు యూట్యూబ్‌లో ఉంది.

కామెంట్లలో కులం

మాట్లాడే దళిత స్త్రీ వీడియో కింద వచ్చే కామెంట్లు ఎలా ఉంటాయో మనకు తెలుసు. వాటిని భరించడమే ధైర్యమని చెప్పే సలహాదారులతో మేము ఏకీభవించం. యూట్యూబ్ ద్వేష ప్రసంగ నియమాల్లో కులం రక్షిత అంశంగా ఉంది. కులపు తిట్లను తెలుగు లిపిలో, ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా బ్లాక్ చేసే పదాల జాబితాలో ముందే పెట్టుకోవచ్చు.

చట్టం దగ్గరికి వస్తే, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) బహిరంగంగా కులం పేరుతో అవమానించడాన్ని నేరంగా చూస్తాయి. ఆన్‌లైన్‌లో పెట్టిన వీడియో కూడా ప్రజల కంటి ముందు ఉన్నట్టేనని 2022 జూలైలో కేరళ హైకోర్టు ఒక యూట్యూబర్ కేసులో చెప్పింది. అయితే 2024 ఆగస్టులో షాజన్ స్కారియా కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. దళితుణ్ని తిట్టినంత మాత్రాన చాలదు, కులం కారణంగా తిట్టినట్టు కనిపించాలంది. కాబట్టి కామెంట్‌ను కోపంతో డిలీట్ చేయకముందే లింకు, తేదీ, పూర్తి స్క్రీన్‌షాట్ దాచుకోవాలి. డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. దాడి వీడియో తీసిన ఫోన్‌ను అమ్మొద్దు, ఒరిజినల్ ఫైల్‌ను చెరపొద్దు. వాట్సాప్‌లో తిరిగే కాపీకి కోర్టులో బలం తక్కువ.

మన బాధ్యత కూడా ఉంది. లైంగిక దాడికి గురైన మన బిడ్డ ముఖం, పేరు, ఇల్లు చూపించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో సెక్షన్ 23 ఉంది. సానుభూతితో చేసినా నేరమే. వ్యూస్ కోసం ఆమెను రెండోసారి వీధిలోకి లాగే హక్కు మనకూ లేదు.

పెరగడం అంటే ఏమిటి

2024 ఆగస్టు 1న వర్గీకరణపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చింది. ఈ కాలంలో మాల, మాదిగ అన్నదమ్ములు ఒకరినొకరు తిట్టుకునే వీడియోలు ఎన్ని చూశామో లెక్కలేదు. వాదన ఉండాలి, విభేదం ఉండాలి. కానీ యంత్రానికి వాదన తెలియదు, ఎంతసేపు చూశారన్నదే తెలుసు. తిట్టు ఎక్కువసేపు చూపిస్తే తిట్టునే ముందుకు తోస్తుంది. సబ్‌స్క్రైబర్లు పెరిగి, వాడ రెండుగా చీలితే పెరిగిందెవరు?

ఇక్కడే నడివయసు పనికొస్తుంది. దళిత మహాసభ రోజుల్లో మాల, మాదిగ ఒకే శిబిరంలో గంజి తాగిన సంగతి ఇరవై ఏళ్ల యూట్యూబర్‌కు తెలియదు. యాభై ఐదేళ్ల మనిషికి తెలుసు. వర్గీకరణ ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా ఆ మనిషికే తెలుసు. ఆ రెండు నిజాలనూ ఒకే నోటితో చెప్పగలిగిన తరం అదే.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతున్నాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు అమ్మకు, మేనమామకు చానెల్ పెట్టి ఇవ్వండి. అకౌంట్ వాళ్ల పేరునే తెరవండి. మైకు కొనివ్వండి, ఎందుకంటే బొమ్మ మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే చూడరు. ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో పెట్టండి, ఎందుకంటే ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద కారణం బయటికి చెప్పకుండానే వీడియో ఆపగల వ్యవస్థ మన దేశంలో ఉంది. తర్వాత వాళ్ల ఎదురుగా కూర్చోండి. కెమెరాను వాళ్ల కళ్ల ఎత్తులో పెట్టండి. ఏం జరిగిందో అడగండి, మధ్యలో అడ్డుపడకండి.

వంద మందే చూడొచ్చు. ఆ వందలో ఒకరు రేపటి లాయరో, రేపటి పరిశోధకురాలో అవుతారు. అప్పటికి ఆ అమ్మ లేకపోయినా ఆమె మాట ఉంటుంది.