అయిదు మైళ్ళా, పదిహేనా?

మొన్న పెళ్ళి భోజనాల దగ్గర పక్కాయన తేల్చేశాడు: "రాడార్ పెట్టుకుని ఓడలు గుద్దుకోవడమేమిటండీ! తాగి నడిపుంటారు." విస్తట్లో పప్పు చల్లారిపోతున్నా ఊరుకోలేకపోయాను.

1956 జులై 25 రాత్రి, అమెరికాలోని నాన్‌టకెట్ దగ్గర పొగమంచు. ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా, స్వీడన్ ఓడ స్టాక్‌హోం ఢీకొన్నాయి. 51 మంది పోయారు. రెండింటిలోనూ రాడార్ ఉంది. తెర మీద ఒకరినొకరు చూసుకునే గుద్దుకున్నారు! ఇరుకు సందులో ఎదురైన ఇద్దరు ఒకే గోడవైపు జరిగినట్టు, డోరియా ఎడమకి తిరిగింది, స్టాక్‌హోం కుడికి.

రాడార్ చూపించేది చుక్కని. అది ఎటు పోతోందో మనమే గీసి లెక్కకట్టాలి. దూరం తగ్గుతూ, చుక్క ఉన్న దిక్కు మాత్రం మారకపోతే గుద్దుకోబోతున్నట్టే. కాపలా లేని రైలు గేటు వైపు బండి మీద వెళ్తున్నారనుకోండి. రైలు మీ కంటికి ఒకే మూల నిలబడి పెద్దదవుతూంటే బ్రేకు వెయ్యాల్సిందే. డోరియాలో ఆ రాత్రి ఎవరూ గీయలేదు. పైగా అంత మంచులోనూ దాదాపు 22 నాట్ల వేగం.

స్టాక్‌హోం అధికారి తక్కువ తిన్నాడా అంటే, అయిదు మైళ్ళ స్కేలులో ఉన్న తెరని పదిహేను అనుకున్నాడని ఒక వాదన. కింగ్స్ పాయింట్ మర్చంట్ మెరైన్ అకాడమీలో కెప్టెన్ రాబర్ట్ మర్న్ ఆ రాత్రిని సిమ్యులేటర్‌లో మళ్ళీ నడిపి చూసి, అదే నిజమన్నాడు. అరకొర రాడార్ సమాచారంతో ఊహలు కట్టొద్దని 1972 అంతర్జాతీయ నిబంధనల్లో ఏడోది చెబుతుంది. చెబితే? 2017 జనవరిలో ఎన్నూర్ రేవు బయట రెండు నౌకలు గుద్దుకుంటే, ఒలికిన నూనెని జనం బకెట్లతో తోడారు. అప్పటికి రాడార్లు లేకనా?

మా మేనల్లుడు ఓడలో థర్డ్ ఆఫీసరు. సిమ్యులేటర్ గదిలో మొదటి వారం మూడుసార్లు గుద్దాట్ట. సిగ్గుపడుతూ చెప్పాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. గుద్దడమేదో అక్కడే అయిపోయింది కదా!

మరి మన రోడ్ల సంగతి? ఖాళీ మైదానంలో పగటిపూట ఎనిమిది అంకె తిప్పితే లైసెన్సు చేతిలో పెడతారు. జనవరి తెల్లవారుజామున విజయవాడ హైవే మీద మంచులో, వెనక దీపం లేని లారీ ఆగి ఉంటుంది. మన కుర్రాడు ఫోనులో దారి చూసుకుంటూ తొంభైలో వస్తుంటాడు. అక్కడ ఎనిమిదెక్కడ తిప్పుతాడు? వాడికి మంచుని ఒక్కసారైనా గదిలో కూర్చోబెట్టి చూపించినవాడు లేడు. ఓడకి ఉన్నపాటి శిక్షణ బస్సుకి అక్కర్లేదా అని ఇరవయ్యేళ్ళుగా రాస్తూనే ఉన్నాను.

ఇదంతా పక్కాయనకి పెరుగన్నం దాకా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అడిగాడు: "అయితే తాగలేదంటారు?"