ఇరవై నిమిషాల సంస్కృతి

మా నాయుడుపేటని చూడ్డానికి ఎవరూ రారు. శ్రీకాళహస్తి, తిరుపతి పోయే బస్సులు ఇక్కడ హైవే వదిలి మలుపు తిరుగుతాయి. టీ, టాయిలెట్, ఒక వాటర్ బాటిల్. మా ఊరి టూరిజం అంతే. కాబట్టి నాకు ఇందులో సొంత ఊరి అభిమానం అడ్డం రాదు. టీ కొట్టు బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే బస్సుల్ని చూసినవాడిగా మాత్రమే రాస్తున్నాను.

2025 జనవరిలో, ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో, బెంగళూరు నుంచి ఒక మినీ బస్సు ఆగింది. దిగినవాళ్లు మనలాంటివాళ్లే. గుడ్డసంచుల మీద కవిత్వం, మెడలో కెమెరాలు. టీ కొట్టాయన అడిగాడు: "యాడికి పోతుండారు నాయనా?"

"కల్చరల్ టూర్ అంకుల్. నేలపట్టు, పులికాట్, ఇంకో రెండు పాయింట్లు కవర్ చేసి రాత్రికి రిటర్న్."

"రేత్రికి ఉండరా? తెల్లారి గదా పక్షుల్ని చూసేది!"

ఆ ప్రశ్నకి వాళ్ల దగ్గర జవాబు లేదు. ఇటినరరీలో అప్పటికే టైములు పడిపోయాయి. ఒక్కో చోట ఇరవై నిమిషాలు, భోజనానికి నలభై.

ఆ "కవర్ చేయడం" అనే మాట మీదే నా గొడవంతా. సిలబస్ కవర్ చేస్తాం, ఊళ్లు కూడా కవర్ చేస్తున్నాం. రెంటిలోనూ చివరికి మిగిలేది టిక్కు మార్కే.

నేలపట్టుని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది 1976లో. కానీ ఆ ఊరికీ గూడబాతులకీ ఉన్న లెక్క ప్రభుత్వ బోర్డు కంటే పాతది. చెరువులోని చెట్ల మీద అవి గూళ్లు కడతాయి, రెట్ట నీళ్లలో పడుతుంది, ఆ నీళ్లు పొలాలకి పారతాయి. పక్షి రావడమంటే ఎరువు రావడం. అందుకే అక్కడ వాటిని శుభమంటారు, పిల్లలు కూడా రాయి విసరరు. ఇది సంస్కృతి కాదా? కానీ దీనికి టవర్ ఎక్కి ఫోటో తీసే వీలు లేదు. కాబట్టి పాయింట్ కాదు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు సరస్సుని చీల్చుకుంటూ పోతుంది. రెండు పక్కలా నీళ్లు, దూరంగా గులాబీ రంగు చుక్కలు. అందరూ అక్కడే దిగి రీల్స్ తీస్తారు. ఆ రోడ్డు చివర దీవిలో ఒకప్పుడు ఊళ్లుండేవి, యానాదుల గుడిసెలుండేవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు, 1971లో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు ప్రయోగాలు చూడ్డానికి అయిదు వేల మంది కూర్చునే గ్యాలరీ ఉంది. మంచిదే, పిల్లలు చూడాలి. కానీ అడవిని గుర్తుపట్టి బతికిన యానాది కథ ఏ గైడు నోట్లో ఉంది? సరస్సు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటే చేపలు తగ్గిపోయాయని మొత్తుకునే జాలరి ఏ ఇటినరరీలో ఉన్నాడు?

"అబ్బా, టూరిజం వల్ల నాలుగు డబ్బులొస్తాయి కదా" అంటారు. వస్తాయి, కాదనను. ఎవరికి అని అడుగుతున్నాను. బస్సు బెంగళూరుది, భోజనం హైవే హోటల్లో, గైడు కూడా బస్సుతోనే వచ్చాడు. ఊరికి మిగిలింది టీ డబ్బులు, ప్లాస్టిక్ సీసాలు.

"పండగలన్నీ ఎవరో ఒకరు కనిపెట్టినవే" అని ఇంకో వాదన. దానికి మెక్సికో సిటీని చూపిస్తారు. 2015లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'స్పెక్టర్'లో, మృతుల పండగ నాడు ఆ నగరం నడివీధుల్లో పుర్రెల ముసుగులతో పెద్ద ఊరేగింపు ఉంటుంది. అప్పటిదాకా అక్కడ అలాంటి ఊరేగింపు లేదు. సినిమా చూసి వచ్చేవాళ్లు అడుగుతారని 2016లో నిజంగానే మొదలుపెట్టారు. జనం సంతోషంగానే పోతున్నారు. కానీ అసలు పండగ ఇప్పటికీ ఇళ్లలో, సమాధుల దగ్గర, పోయినవాళ్లకి ఇష్టమైన తిండి పెట్టుకుని కూర్చోవడంలో ఉంది. అది టూరిస్టు కోసం ఆగదు. కొత్త పండగ పెట్టడం తప్పని నేననను. దాని వెలుగులో పాతది కనపడకుండా పోతేనే తప్పు.

మనం తీర్థయాత్ర బస్సుల్ని చూసి నవ్వుతాం. గుండు, పులిహోర పొట్లం, రాహుకేతు పూజ టికెట్. నిజం చెప్పనా? ఆ బస్సులోని ముసలామెకి శ్రీకాళహస్తితో పని ఉంది. కూతురి పెళ్లి కావాలి, మొక్కు తీరాలి. ఆమె ఆ చోటికి ఏదో ఇచ్చి, ఏదో అడిగి వస్తుంది. హెరిటేజ్ వాక్‌లకి పోయే మనకి ఏ చోటుతోనూ పని లేదు. నేనూ హైదరాబాదులో అలాంటి నడకలకి పోయాను. ఆ గల్లీల్లో ఉండే మనిషితో ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఇంటికొచ్చి పోస్టు పెట్టాను. లైకులు బాగానే వచ్చాయి.

మన భాషలో దీనికి వేరే దారి ఉంది. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి తిరిగి రావడానికి పదిహేను నెలలు పట్టింది. మజిలీ మజిలీకీ నీళ్లెలా ఉన్నాయి, అంగళ్లలో ఏం దొరుకుతుంది, దారి ఎలాంటిది అని రాసుకున్నాడు. ఇక మా సరస్సు సంగతంటారా, స.వెం. రమేశ్ 'ప్రళయ కావేరి కథలు' ఉంది. పులికాట్ అని గూగుల్ చేసేవాళ్లలో ఎంతమందికి ఆ నీళ్లకి ప్రళయ కావేరి అనే తెలుగు పేరుందని తెలుసు?

పదిహేను నెలలు అక్కర్లేదు. ఒక్క రాత్రి ఉండండి. ఆ పుస్తకం సంచిలో వేసుకుని రండి. భీమునివారిపాళెంలో పడవవాణ్ణి బేరమాడకుండా మాట్లాడుకోండి. ఈ ఏడు నీళ్లెట్టా ఉండాయి, చేప పడతాందా అని అడగండి. నాలుగు పాయింట్లలో మూడు వదిలేయండి.

తెల్లారి పక్షులు లేచేటప్పటికి మీరు అక్కడుంటారు. తిరిగిపోయేటప్పుడు మా బెంచీ మీద టీ తాగండి, ఆయన కచ్చితంగా అడుగుతాడు: "ఏం చూసినారు నాయనా?" అని.