స్క్రీన్ మీద రూపాయి కనిపిస్తే మురిసిపోకండి

ఎమ్మెస్‌కి వెళ్లే సీనియర్లకు ఇంట్లో చెప్పే జాగ్రత్త ఒకటే: క్యాష్ ఎవరూ కొట్టేయకుండా చూసుకో. దొంగల సంగతి సరే, నన్నడిగితే అంతకంటే జాగ్రత్తగా ఉండాల్సింది కార్డు మిషన్ దగ్గర.

అమెరికాలో ఏటీఎంలోనో, షాపులోనో మన కార్డు పెట్టగానే కొన్నిచోట్ల స్క్రీన్ మహా మర్యాదగా అడుగుతుంది: డాలర్లలోనా, రూపాయల్లోనా? రూపాయి గుర్తు చూడగానే పరాయి దేశంలో సొంతూరి మనిషి కనిపించినట్టుంటుంది. దెబ్బ పడేది అక్కడే. రూపాయలు నొక్కితే మారకం రేటు వేసేది ఆ మిషన్ వైపు వాళ్లు. వాళ్ల లాభం ఆ రేటులోనే కలిసిపోయి ఉంటుంది, పైగా మనకు రేటు చూపించారు కాబట్టి అడగడానికీ ఉండదు. ఎప్పుడైనా డాలర్లే నొక్కండి.

అలాగని మన బ్యాంకులేమీ ధర్మసత్రాలు కావు. చాలా కార్డుల మీద 3.5 శాతం దాకా మార్కప్, దాని మీద జీఎస్టీ. లక్ష ఖర్చుపెడితే మూడున్నర వేలు పైనే! మనలో చాలామంది వెళ్లేది నాన్న ఇల్లో పొలమో తాకట్టు పెట్టి తెచ్చిన లోన్‌తో కదా.

అన్నట్టు, 2020లో వచ్చిన ఆర్‌బీఐ రూల్ వల్ల కొత్త కార్డుల్లో విదేశీ వాడకం ఆఫ్‌లోనే వస్తుంది. ఫ్లైట్ ఎక్కకముందే ఆన్ చేసుకోండి.