మచ్చ కనబడితే టీబీయేనా?

రెండు వారాలైనా దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేయించుకోమని ప్రభుత్వం ఏళ్లుగా చెబుతోంది. మంచి మాటే. తెమడలో క్రిమి కనబడకపోతే తర్వాత ఏం చేయాలన్నదే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలకు ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. వదలని దగ్గు, తెమడలో నెత్తుటి చార, మనిషి చిక్కిపోవడం టీబీకీ గుర్తులే, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ గుర్తులే. ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ మందులు మొదలుపెడితే ఆ కోర్సు ఆరు నెలలు. అది క్యాన్సరైతే గడ్డ అన్నాళ్లు ఆగదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చేరేసరికి ఆపరేషన్‌కు వీలున్న దశ దాటిపోతుంది.

క్రిమి రుజువు కాకుండా టీబీ మందులు వాడుతున్నవారిలో నలభై దాటినవారికీ, పొగతాగేవారికీ నెలలోపే సీటీ స్కాన్ తీయాలి. అనుమానముంటే ముక్క పరీక్షా చేయాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లకు 2022లో, గద్వాలకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. సీట్ల లెక్క చెప్పి మురిసిపోవడానికేనా అవి?

ఈ మూడు జిల్లాలూ పాత పాలమూరువే. పాలమూరు లేబర్ చేయి పడని ఆనకట్ట, కాలువ అరుదు. రాయి కొట్టేటప్పుడు లేచే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. పొద్దంతా ఆ దుమ్ము, కాస్త తెరిపి దొరికితే బీడీ. ఇంట్లో ఆడవాళ్లకు కట్టెల పొయ్యి పొగ. బీడీ ముట్టని ఇల్లాలికి ఈ జబ్బు రాదనుకోవడం పొరపాటు.

బీడీలో పొగాకు తక్కువే కదా అంటారు. ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా గుంజాలి, పొగ లోలోపలికి పోతుంది. అలాంటి బీడీపై పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని జీఎస్టీ మండలి 2025 సెప్టెంబర్‌లో నిర్ణయించింది. సిగరెట్‌కేమో 40 శాతం! బీడీలు చుట్టే ఆడవాళ్ల పొట్ట కొట్టొద్దంటే వాళ్ల కూలి పెంచండి, వేరే పని చూపండి. మట్టిపని కూలీ ఊపిరి తీసి ఆ బాకీ తీరుస్తారా?

పొగ మానేసిన పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. మాన్పించే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 బీడీ కట్ట మీదే ఉంటుంది, భయపెట్టే బొమ్మతో సహా. బస్టాండ్ పక్క పాన్ డబ్బా దగ్గర కాసేపు నిలబడి చూడండి. కట్ట విప్పుతారు, విడిగా ఒకటో రెండో చేతిలో పెడతారు. నంబరూ బొమ్మా ఉన్న కాగితం డబ్బా కింద చెత్తలో పడుతుంది. విడి బీడీల అమ్మకాన్ని ఈ మూడు జిల్లాల కలెక్టర్లూ ఆపించాలి.